హుస్సేన్ సాగర్ అడుగు మట్టిలో వెయ్యేళ్ల కిందటి వానలు కనిపిస్తాయా?

ప్రశ్న ఇది: "సరస్సుల అడుగు మట్టిని, అందులోని సూక్ష్మ శిలాజాలను చూసి వేల ఏళ్ల కిందటి వానల గురించి చెబుతారట. హుస్సేన్ సాగర్ అడుగున గొట్టం దించితే హైదరాబాద్‌లో వెయ్యేళ్ల కిందట వానలు ఎలా పడ్డాయో తెలుస్తుందా? కంటికి కనిపించని గుల్లలను లెక్కపెట్టి ఇక్కడ కరవు, ఇక్కడ వర్షాలు అని ఎలా తేలుస్తారు? ఎంతవరకు నమ్మవచ్చు?" అడిగినవారు భూవిజ్ఞానం చదువుతున్నారు, ప్రాజెక్టు కోసం అంశం వెతుక్కుంటున్నారు. పుప్పొడి శిలాజాల మీద చాలా కాలం పనిచేసినవాడిని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

వెయ్యేళ్ల కిందటి వానల గురించి హుస్సేన్ సాగర్ ఏమీ చెప్పదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, మూసీలో కలిసే ఒక వాగుకు అడ్డంగా కట్ట పోసి నిలిపిన చెరువు అది. నిలిచిన నీటి అడుగున పేరుకునే మెత్తటి మట్టి ఆ తర్వాతే మొదలవుతుంది. అంతకంటే లోతుకు వెళితే గొట్టానికి తగిలేది గ్రానైటు చివికి ఏర్పడిన మొరం. అంటే మహా అయితే 460 ఏళ్ల పైచిలుకు సమాచారం.

ఆ కాస్తయినా చెక్కుచెదరకుండా ఉంటుందన్న భరోసా మన చెరువుల్లో లేదు. ఎండాకాలం నీళ్లు అడుగంటితే పూడిక తవ్వి పొలాలకు తోలుకోవడం తరతరాల అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో ప్రధానమైన పని పూడికతీతే. రైతుకు ఆ మట్టి బంగారం, అందులో అనుమానం లేదు. నాబోటివాడికి మాత్రం మట్టి ట్రాక్టరు ఎదురైతే ప్రాణం ఉసూరుమంటుంది. వరదలు చేసే నష్టం ఇంకొకటి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఆ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని విశ్వేశ్వరయ్య అధ్యయనంలో లెక్క తేలింది. కట్ట తెగిన చెరువు ఖాళీ అవుతూ తన అడుగునే కోసుకుంటూ పోతుంది. మళ్లీ కట్ట వేసి నింపితే కొత్త మట్టి నేరుగా పాత మట్టి మీద కూర్చుంటుంది. మధ్యలో ఎన్నేళ్లు మాయమయ్యాయో చూపు చెప్పదు.

పోనీ మనుషులు కట్టని సరస్సు వెతుక్కుందామంటే దక్కన్ మీద అవి లేనట్టే. ఐరోపాలోనో హిమాలయాల్లోనో హిమానీనదాలు నేలను తొలిచి వేల గుంటలు వదిలాయి. మనది కోట్ల ఏళ్లుగా నదులు అరగదీసిన పాత నేల, పడిన నీరు పడినట్టే వాగు పట్టుకుని పోతుంది. పైగా ఏటా ఎండిపోయే కుంటలో పుప్పొడి నిలవదు. గాలి అందని తడి బురదలో వేల ఏళ్లు చెక్కుచెదరని రేణువు ఎండకు, గాలికి, బాక్టీరియాకు చిక్కితే త్వరలోనే చివికిపోతుంది. నల్లరేగడి ఉన్న చోట వేసవిలో నేల బీటలు వారి పై మట్టి లోపలికి జారి పొరలను కలగాపులగం చేస్తుంది కూడా.

(సహజ సరస్సులు మన దగ్గరా ఒకప్పుడు ఉండేవి, కాకపోతే మరీ పాతవి. వికారాబాద్ వైపు నాస్కల్ దగ్గర, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి లావా ప్రవాహాల మధ్య చిక్కుకుపోయిన నీటి మడుగుల అవక్షేపాలు ఉన్నాయి. డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్‌కు చెందిన మొదటి భారతీయ క్షీరదం డెక్కనోలెస్టిస్‌ను 1988లో వర్ణించింది అక్కడి శిలాజాల ఆధారంగానే. శిలాజాల మీద మనసున్నవారు ఒకసారి వెళ్లి చూడదగ్గ చోటు.)

ఇక గుల్లల సంగతి. మట్టిలో ఉన్న ఏ జీవికీ వాన గురించి నేరుగా తెలియదు. దానికి తెలిసింది తాను బతికిన నీరు, లేదా తన తల్లిమొక్క పెరిగిన నేల. మిగతాదంతా మనం చేసే అనుమితి. ఈ రంగంలో సగం తగాదాలు దీన్ని మరిచిపోయినప్పుడే పుడతాయి.

డయాటమ్‌లు సిలికా గుల్ల ఉన్న ఏకకణ శైవలాలు. ఒక్కో జాతికి ఒక్కో రకం నీరు పడుతుంది: ఉప్పదనం, క్షారత్వం, పోషకాలు, లోతు. నీటిలో తేలుతూ బతికేవి ఎక్కువైతే సరస్సు లోతుగా ఉందని, అడుగునో నాచునో అంటిపెట్టుకునేవి ఎక్కువైతే నీరు తగ్గిందని ఊహిస్తాం. ఉప్పు తట్టుకునే జాతులు పెరిగితే ఆవిరయ్యే నీరు వచ్చే నీటిని మించిందని అర్థం చేసుకుంటాం. అయితే ఈ తర్కం బయటికి దారి లేని సరస్సులోనే పనిచేస్తుంది. అలుగు ఉన్న చెరువులో వాన రెట్టింపైతే అదనపు నీరు అలుగు దూకి పోతుంది, ఉప్పదనంలో పెద్ద మార్పు రాదు. డయాటమ్‌లకు ఆ వాన పడిన సంగతే తెలియదు. హుస్సేన్ సాగర్ లాంటి చెరువుతో వానల లెక్క కట్టడానికి నాకున్న అసలు అభ్యంతరం, వయసు కంటే కూడా, ఇదే.

ఆస్ట్రకాడ్‌లు అని ఆవగింజ కంటే చిన్న జీవులు ఉంటాయి, రెండు సున్నపు చిప్పల మధ్య నివాసం. నత్తగుల్లలదీ సున్నమే. వీటిలో చూసేది ఆకారం ఒక్కటే కాదు. నీటిలో తేలికైన ఆక్సిజన్-16, బరువైన ఆక్సిజన్-18 రెండూ ఉంటాయి. ఎండకు ఆవిరయ్యేటప్పుడు తేలికైనది ముందు లేచిపోతుంది కాబట్టి కరవు సాగేకొద్దీ మిగిలిన నీటిలో బరువైనదాని పాలు పెరుగుతుంది. గుల్ల ఆ నీటితోనే తయారవుతుంది కనుక ఆ నిష్పత్తి అందులో నమోదవుతుంది.

పుప్పొడిది వేరే దారి, అది నేల మీది కథ చెబుతుంది. దాని పైపొర స్పోరోపొల్లెనిన్ అనే పదార్థం. మరిగే ఆమ్లంలో వేసినా కరగదు. మేం ప్రయోగశాలలో చేసేదీ దాదాపు అదే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నం, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కుళ్లిన ఆకు పదార్థం, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇసుక, బంకమన్ను తీసేస్తాం. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్, గంధకామ్లం తొమ్మిదికి ఒకటి పాళ్లలో కలిపి సెల్యులోజును కరిగిస్తాం. ఇంత చేశాక గొట్టం అడుగున మిగిలే చిటికెడు గోధుమరంగు పదార్థాన్ని స్లైడు మీద వేసి, నాలుగు వందల రెట్ల పెద్దదిగా చూస్తూ ఒక్కో నమూనాకు 300 రేణువులైనా లెక్కపెడతాం. మొదట్లోనే లైకోపోడియం అనే మొక్క బీజాలు తెలిసిన సంఖ్యలో ఉన్న బిళ్ల ఒకటి కలిపి ఉంచుతాం. చివరికి ఆ బీజాలు ఎన్ని కనిపించాయన్న దాన్ని బట్టి అసలు మట్టిలో పుప్పొడి ఎంత దట్టంగా ఉందో లెక్క వస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ వాన్ పోస్ట్ 1916లో పుప్పొడి శాతాలను గ్రాఫుగా గీసి చూపినప్పటి నుంచి పద్ధతి మెరుగైందే గానీ, కళ్లు మండే శ్రమ తగ్గలేదు.

ఒక హెచ్చరిక: హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని కళాశాల ప్రయోగశాలలో సరదాకు ముట్టుకోకండి. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఆవిర్లను బయటికి లాగేసే సరైన ఫ్యూమ్ హుడ్, కాల్షియం గ్లూకొనేట్ జెల్, పక్కన అనుభవజ్ఞులు లేకపోతే సోడియం పాలీటంగ్‌స్టేట్ వంటి బరువైన ద్రావణంలో పుప్పొడిని తేల్చి వేరుచేసే పద్ధతి ఎంచుకోండి. ఖర్చు ఎక్కువ, ప్రమాదం బాగా తక్కువ.

పుప్పొడిని నమ్మడంలో పెద్ద చిక్కు శాతాల దగ్గర వస్తుంది. గాలికి పుప్పొడి వదిలే గడ్డి, తుంగ, జమ్ము కుప్పలుగా కనిపిస్తాయి. కీటకాలు, పక్షులు, గబ్బిలాల మీద ఆధారపడే టేకు, ఇప్ప, మోదుగ తక్కువగా రాలుస్తాయి. పెళ్లింట్లో గట్టిగా మాట్లాడిన నలుగురే గుర్తుండిపోయి, మూల కూర్చున్న నలభై మంది లెక్కలోకి రానట్టు ఉంటుంది వ్యవహారం. దట్టమైన టేకు అడవి పక్కనున్న కుంట మట్టిలో టేకు పుప్పొడి నామమాత్రంగా ఉండటం చూసి కొత్తవాళ్లు కంగారుపడతారు. పైగా గడ్డి పుప్పొడి అంతా ఒకేలా గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. వరి పొలమో పచ్చిక బయలో తేల్చుకోవాలంటే ఆకుల్లోని సిలికా కణాలు, అంటే ఫైటోలిత్‌లు కూడా చూడాలి. మద్ది కుటుంబం, తోటకూర కుటుంబం లాంటి చోట్ల జాతి దాకా వెళ్లలేక కుటుంబం పేరుతో ఆగిపోతాం. అందుకే ముందుగా నేటి మట్టిని చదవాలి: ఇప్పుడున్న అడవి, పొలం, ఊరు దగ్గర పైపైన మట్టి తీసుకుని, కళ్లెదుట ఉన్న చెట్లకూ స్లైడులో కనిపించేదానికీ పొంతన ఎంతో తెలుసుకోవాలి. ఆ పని చేయకుండా 5 వేల ఏళ్ల కిందటి వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో చెప్పే పత్రం కనిపిస్తే నేను పక్కన పెట్టేస్తాను.

వయసు సంగతి. కార్బన్-14 అర్ధాయువు 5730 ఏళ్లు. సుమారు 50 వేల ఏళ్ల దాకా పనికొస్తుంది. గత 100, 150 ఏళ్లకు సీసం-210 ఉంది, దాని అర్ధాయువు 22 ఏళ్లు. అణుపరీక్షల వల్ల 1963లో తారస్థాయికి చేరిన సీజియం-137 ఒక గుర్తుగా నిలుస్తుంది. మన నేలల్లో జాగ్రత్త పడాల్సింది సున్నపు గుళికల దగ్గర. వాటిలోని పాత కార్బన్ నీటిలో కరిగి గుల్లల్లోకి చేరితే, వయసు అసలుకంటే వందల ఏళ్లు ఎక్కువ చూపిస్తుంది. పైనుంచి కొట్టుకొచ్చిన పాత మట్టిలోని సేంద్రియ పదార్థం కూడా ఇదే మోసం చేస్తుంది. అందుకే గంపగుత్తగా మట్టిని పంపడం కంటే, ఆ పొరలోనే రాలిన ఆకు ముక్కో విత్తనమో ఏరి పంపడం మేలు. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే యాక్సిలరేటర్ పద్ధతికి మిల్లీగ్రాముల్లో ఉంటే చాలు.

మరి మన ప్రాంతపు వానల చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? రెండు చోట్లు నాకు ఇష్టం. ఒకటి లోనార్. మహారాష్ట్రలో బసాల్టు రాయిపై ఉల్క పడి ఏర్పడిన గుంట, సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు, బయటికి దారి లేదు. మనకు కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. అక్కడ తీసిన సుమారు 10 మీటర్ల కోర్ (గొట్టంతో పొరలు చెదరకుండా తీసిన మట్టి కడ్డీ) దాదాపు 11 వేల ఏళ్ల కాలాన్ని చూపిస్తుంది. అందులో గేలుసైట్ అనే లవణ స్ఫటికాలు రెండు దశల్లోనే కనిపించాయి: ఇప్పటికి 4600 నుంచి 3900 ఏళ్ల కిందట, 2000 నుంచి 600 ఏళ్ల కిందట. నీరు బాగా తగ్గి, క్షారం చిక్కబడితే తప్ప అవి ఏర్పడవు. ఇక్కడ సాక్ష్యం శిలాజం కాదు, స్ఫటికం. అంత క్షారపు నీటిలో డయాటమ్‌ల సిలికా గుల్లలు కరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక పొరలో అవి లేవంటే అప్పుడు బతకలేదనా, బతికి కరిగిపోయాయనా అన్న ప్రశ్న ఎప్పుడూ మిగులుతుంది. లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోవడం మా పనిలో అన్నిటికంటే ప్రమాదకరం.

రెండోది సరస్సు కాదు, గోదావరి నోటికి ఎదురుగా బంగాళాఖాతం అడుగు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న సహజవాయువు) కోసం అక్కడ తవ్వినప్పుడు తీసిన ఒక కోర్ వాతావరణ శాస్త్రజ్ఞులకు నిధి అయింది. మరాఠ్వాడా, తెలంగాణ నేలల మట్టి గోదావరి మోసుకొచ్చి పడేసేది అక్కడే. మన చెరువులు దాచలేకపోయింది సముద్రం దాచిపెట్టింది. అందులోని ఆకుల మైనపు పదార్థంలో కార్బన్ ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు, చూశారు. గాలిలోని కార్బన్‌ను పట్టుకోవడంలో చెట్లది ఒక పద్ధతి, ఎండను తట్టుకునే ఉష్ణమండల గడ్డిది మరో పద్ధతి. ఆ తేడా మైనంలో నిలిచిపోతుంది. సుమారు 4000 ఏళ్ల కిందటి నుంచి 1700 ఏళ్ల కిందటి వరకు పొడి నేలల మొక్కల పాలు క్రమంగా పెరిగి, ఆపై అలాగే నిలిచింది. అదే కోర్‌లోని ఫోరామినిఫెరా అనే సముద్రపు సూక్ష్మజీవుల సున్నపు గుల్లల ఐసోటోపులతో నది తెచ్చిన మంచినీటి హెచ్చుతగ్గులనూ అంచనా వేశారు.

ఇక్కడే ఒక్క క్షణం ఆగాలి. జొన్న, సజ్జ, రాగి కూడా ఆ ఎండ గడ్డి కోవలోవే. అడవి కొట్టి జొన్న వేసినా మైనంలో కరవు వచ్చినట్టే కనిపిస్తుంది. దక్కన్‌లో వ్యవసాయం విస్తరించిన కాలం కూడా ఇంచుమించు అదే. మరి గోదావరి కోర్ చెబుతున్నది రుతుపవనాల గురించా, రైతు గురించా? ఆ కోర్‌పైనే తర్వాత వచ్చిన పనిలో దక్కన్ నుంచి మట్టి కోత పెరిగిన తీరును చూసి, ఎండుతున్న వాతావరణాన్నీ మనిషి చేసిన మార్పునూ కలిపి చదవాలన్నారు. నా అభిప్రాయం కూడా అదే. గత 4 వేల ఏళ్ల మన మట్టిలో వానను, మనిషిని పూర్తిగా విడదీయడం ఏ ఒక్క సూచికతోనూ సాధ్యం కాదు. కనీసం రెండు ఉండాలి, వాటిలో ఒకటి పంటలతో సంబంధం లేనిదై ఉండాలి. లోనార్ స్ఫటికం, గుల్లలోని ఆక్సిజన్ అలాంటివి. జొన్న వేసినంత మాత్రాన గేలుసైట్ పుట్టదు.

కోస్తాలో ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. కొల్లేరుకు దక్షిణంగా పాత తీరపు ఇసుక దిబ్బల వరుసలు ఉన్నాయి. సుమారు 6 వేల ఏళ్ల కిందట సముద్రతీరం ఆ దరిదాపుల్లో ఉండేది. అలాంటి చోట తీసిన కోర్‌లో ఫోరామినిఫెరా తగ్గి మంచినీటి డయాటమ్‌లు వస్తే వానలు పెరిగాయని రాసెయ్యకూడదు. కృష్ణా గోదావరులు డెల్టాను ముందుకు తోసి సముద్రాన్ని దూరం చేసినా అదే మార్పు కనిపిస్తుంది.

నమ్మకం గురించి అడిగారు కాబట్టి హరప్పా ఉదాహరణ చెప్పాలి. 4200 ఏళ్ల కిందటి కరవు సింధు నాగరికతను ముంచిందని పత్రికల్లో తరచూ వస్తుంది. మేఘాలయలోని మావ్‌మ్లూ గుహ నిక్షేపం ఆధారంగా 2018లో ఆ తేదీతో మొదలయ్యే మేఘాలయన్ అనే భూకాలాన్నే గుర్తించారు. హర్యానాలోని కోట్లా దాహర్ అనే పాత సరస్సు నత్తగుల్లల ఆక్సిజన్ కూడా సుమారు 4100 ఏళ్ల కిందట రుతుపవనం బలహీనపడిందని చెప్పింది. బాగానే ఉంది. కానీ రాజస్థాన్‌లోని లూణకరణ్‌సర్ సరస్సు హరప్పా నగరాలు వెలగడానికి వందల ఏళ్ల ముందే ఎండిపోయిందని 1999లో తేలింది. అంటే ఆ నగరాలు బాగా బతికింది కూడా పొడి కాలంలోనే కావచ్చు. మూడూ నిజాయతీగా చేసిన పనులే. ఒక్కో గుంట తన చుట్టుపక్కల సంగతి చెబుతుంది, ఒక్కో తేదీకి వందేళ్లో రెండొందల ఏళ్లో అటూ ఇటూ ఉంటుంది. వాటన్నిటినీ ఒకే గీతగా కలిపేసి "కరవు వచ్చింది, నాగరికత పోయింది" అనడం మట్టి చెప్పిన మాట కాదు.

మీరు అడిగిన వెయ్యేళ్ల కాలానికి దగ్గరి జవాబు బస్తర్‌లో ఉంది. అక్కడి దండక్ గుహలో నేల మీద చుక్క చుక్కగా సున్నం పేరుకుని పెరిగిన స్టాలగ్‌మైట్ క్రీ.శ. 600 నుంచి 1500 వరకు రుతుపవనాల హెచ్చుతగ్గులను చూపిస్తుంది. 14, 15 శతాబ్దాల్లో దీర్ఘకాలం బలహీనపడిన దశలు అందులో ఉన్నాయి. 1396లో మొదలైన దుర్గాదేవి కరవు దక్కన్‌ను పీల్చి పిప్పి చేసిందని చరిత్రలో ఉన్నదే. రాతి సాక్ష్యం, రాత సాక్ష్యం ఇలా దగ్గరపడినప్పుడు నాకు ధైర్యం వస్తుంది.

ఇక ప్రాజెక్టు. హుస్సేన్ సాగర్‌ను పూర్తిగా వదలకండి, ప్రశ్న మార్చండి. పూడిక తీయని మూల దొరికితే, నగరం నీటిని ఏం చేసిందో అందులో స్పష్టంగా ఉంటుంది. మురుగును తట్టుకునే నిట్షియా పేలియా, సైక్లోటెల్లా మెనెగినియానా వంటి డయాటమ్‌లు ఏ లోతు నుంచి పెరిగాయో చూడవచ్చు. పుప్పొడిలో సర్కారు తుమ్మ, వయ్యారిభామ వెతకండి. సర్కారు తుమ్మ మన దేశానికి వచ్చింది 1877లో, వయ్యారిభామను పుణె దగ్గర గుర్తించింది 1950ల మధ్యలో. అవి కనిపించిన పొర అంతకంటే పాతది కాజాలదు. సీసం-210 తేదీలను సరిచూసుకోవడానికి ఉచితంగా దొరికే గుర్తులు ఇవి. వయ్యారిభామ ముళ్ల పుప్పొడిని చామంతి కుటుంబంలోని మిగతావాటి నుంచి వేరు చేయడానికి మాత్రం ఓపిక కావాలి. ముందు పూలు తెచ్చుకుని పోలిక స్లైడులు తయారుచేసుకోండి.

కాస్త దూరం వెళ్లగలిగితే, మార్గదర్శి ఒప్పుకుంటే, రామప్ప చెరువు గురించి ఆలోచించండి. పక్కనున్న గుడి శాసనం 1213 నాటిది, చెరువూ ఆ కాలానిదే. అంటే పాత నేల మీద చెరువు మట్టి మొదలయ్యే గీతకు సుమారు 800 ఏళ్ల వయసు ముందే తెలుసు. ఆ గీత దగ్గర కార్బన్ తేదీ 1200 ఏళ్లని వస్తే, పాత కార్బన్ మీ నమూనాను ఎంత తప్పుదారి పట్టిస్తోందో అంకెల్లోనే దొరుకుతుంది. ఆ సవరణ ఆ చెరువుదే అయినా, తెలంగాణలో తర్వాత తీసే కోర్‌లకు ఒక హెచ్చరికగా పనికొస్తుంది. కట్ట దగ్గర, తూము దగ్గర గొట్టం దించకండి, అక్కడ మట్టి కదిలి ఉంటుంది. శిఖం అంచులు ఏటా ఎండుతాయి, అవీ వద్దు. ఎప్పుడూ నీరుండే లోతైన భాగంలో, అలుగుకు దూరంగా, గొట్టాలు రెండు పక్కపక్కనే దించండి. ఒకదానిలో జారిపోయిన పొర రెండోదానిలో దొరికే అవకాశం ఉంటుంది. నీటిపారుదల శాఖ అనుమతి, ఆ గుడి పరిసరాలకు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి. దానికి పట్టే సమయంలో చుట్టుపక్కల చెరువుల పైమట్టి సేకరించి, పుప్పొడి గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు.